కాంట్రాక్టరు బిల్లులో కోత

మన దేశంలో కాంట్రాక్టరు బిల్లులోంచి ఆదాయపన్ను ముందే పట్టుకోవడం 1972 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు రోడ్డు వేసినా, కాలవ తవ్వినా, బడి కట్టినా, బిల్లు పాసైతే ఆదాయపన్ను పేరుతో అందులోంచి ఎవరూ రూపాయి ఆపేవారు కాదు. ఆ రోజు నుంచి నూటికి రెండు రూపాయలు కేంద్ర ఖజానాకు పోయి, మిగతాదే చేతికి రాసాగింది. నేను ఎనభైల మొదట్లో నరసరావుపేటలో ఒక కాలవ పనుల కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరాను. తర్వాత గుంటూరులో ఇన్‌కంటాక్స్ ప్రాక్టీసు పెట్టుకున్నాను. నా బతుకంతా ఈ రెండు శాతం లెక్కల్లోనే గడిచింది. దీని చరిత్ర రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఈ కోతలో తాపీ మేస్త్రీల డబ్బుంది, సెంట్రింగ్ మేస్త్రీల డబ్బుంది, ఒక్క లారీతో సంసారం ఈడ్చేవాళ్ళ డబ్బుంది. అది తమదేనని, అడిగితే తిరిగొస్తుందని వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఆదాయపన్ను మన గడ్డ మీదికి వచ్చింది 1860లో. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ను పిలిపించి లెక్కలు సర్దమన్నారు. ఎకనామిస్ట్ పత్రికను స్థాపించినవాడే ఈ విల్సన్. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయం మీద 2 శాతం, 500 దాటితే 4 శాతం పన్ను వేశాడు. మన తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను వద్దే వద్దని అభ్యంతరం రాసి, దాన్ని పత్రికల్లోకి కూడా ఎక్కించాడు. ఆ తప్పుకు పై వాళ్ళు ఆయన్ను పదవిలోంచి వెనక్కి పిలిపించారు. విల్సన్ ఆ ఏడాది ఆగస్టులోనే కలకత్తాలో జబ్బుచేసి పోయాడు. కొన్నేళ్ళకు ట్రెవెల్యనే ఆర్థిక శాఖ సభ్యుడిగా తిరిగొచ్చాడు. అయిదేళ్ళ గడువుతో పెట్టిన ఆ పన్ను 1865లో ఆగిపోయింది.

మళ్ళీ రకరకాల పేర్లతో వస్తూ పోతూ, 1886 చట్టంతో పన్ను శాశ్వతంగా నిలబడింది. కాంట్రాక్టరు కథ నిజంగా మొదలయ్యేది అక్కడే. ఆ చట్టం ఆదాయాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: జీతాలు, పింఛన్లు ఒకటి, కంపెనీల లాభాలు ఒకటి, సర్కారు బాండ్ల మీద వడ్డీ ఒకటి, ఇవేవీ కానివన్నీ నాలుగోది. సర్కారు జీతగాడికి జీతం ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకునేవారు. బాండ్ల మీద వడ్డీకీ అంతే. కాంట్రాక్టరు నాలుగో గంపలో పడ్డాడు. అతని ఆదాయం ఎంతో జిల్లా కలెక్టరు తేల్చాలి. భూమి శిస్తు చూసుకునే అధికారే వ్యాపారి లాభాన్నీ అంచనా వేసేవాడు. 1922 చట్టం వచ్చి, ఆదాయపన్నుకు విడిగా శాఖ ఏర్పడ్డాక కూడా ముందస్తు కోత ముఖ్యంగా జీతాలకు, బాండ్ల వడ్డీకే ఉండేది. 1944లో వ్యాపారులు ఏడాది మధ్యలోనే వాయిదాల మీద అడ్వాన్సు టాక్స్ కట్టాలన్నారు. అది కూడా కాంట్రాక్టరు తనంతట తాను వచ్చి కట్టాల్సిందే. హైదరాబాదు రాష్ట్రానికి కేంద్రం ఆదాయపన్ను చట్టం 1950 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. అప్పటినుంచి అటు తెలంగాణలో, ఇటు కోస్తాలో, సీమలో కాంట్రాక్టర్లందరిదీ ఒకే చట్టం, ఒకే పద్ధతి.

స్వతంత్రం వచ్చాక పనులు పెరిగాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ పన్నెండేళ్ళలో మా పల్నాడు వైపు రాయి కొట్టినవాళ్ళు, మట్టి మోసినవాళ్ళు, గోడ కట్టినవాళ్ళు వేలమంది. రాతికట్టడం కాబట్టి యంత్రాల కన్నా మనుషుల చేతులే ఎక్కువ ఆడాయి. పాలమూరు నుంచి మేస్త్రీలు ముఠాలుగా మనుషుల్ని తీసుకొచ్చేవారు. పై కాంట్రాక్టరు దగ్గర సబ్ కాంట్రాక్టరు, అతని దగ్గర పీస్ వర్కు మేస్త్రీ, అతని కింద ముఠా. డబ్బు పైనుంచి కిందికి ఇన్ని చేతులు మారి వచ్చేది. ఏ చేతిలో ఎంత మిగిలిందో కనిపెట్టడం ఆదాయపన్ను శాఖకు సాధ్యమయ్యే పని కాదు. కాంట్రాక్టరుకు స్థిరమైన చిరునామా ఉండదు. పని ఉన్నచోట గుడిసె వేస్తాడు, పని అయిపోగానే ఇంకో ప్రాజెక్టుకు వెళ్ళిపోతాడు. పన్ను తేల్చే అధికారి అతని ఊరు కనుక్కునేసరికి రెండేళ్ళు గడిచిపోయేవి.

నల్లడబ్బు మీద దేశమంతా చర్చ నడుస్తున్న కాలమది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ అధ్యక్షతన ఏర్పడ్డ విచారణ సంఘం 1971 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అదే నెలలో బంగ్లాదేశ్ యుద్ధం. ఖజానాకు డబ్బు కావాలి, అదీ వెంటనే కావాలి. ఆర్థికమంత్రి వై.బి. చవాన్ 1972 మార్చిలో పెట్టిన బడ్జెట్టుతో 1961 చట్టంలోకి 194సీ సెక్షను వచ్చి చేరింది. కేంద్రం, రాష్ట్రాలు, మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థలు, చట్టంతో ఏర్పడ్డ కార్పొరేషన్లు, కంపెనీలు ఎవరికి పని కాంట్రాక్టు ఇచ్చినా సొమ్ము చెల్లించేటప్పుడు 2 శాతం పట్టుకోవాలి. వ్యక్తో, ఉమ్మడి కుటుంబమో కాని కాంట్రాక్టరు తన సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చేదాంట్లో 1 శాతం పట్టుకోవాలి. బ్రిటన్‌లో కూడా భవన నిర్మాణంలో సబ్ కాంట్రాక్టర్ల చెల్లింపుల్లో కోత సరిగ్గా 1972 ఏప్రిల్లోనే మొదలైంది. అక్కడా జబ్బు ఇదే. పేరు, ఊరు చెప్పకుండా రోజుకింత అని గుత్తకు పనిచేసి పన్నుకు దొరక్కుండా పోయేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇప్పుడు అక్కడ నమోదైన సబ్ కాంట్రాక్టరుకు 20 శాతం, నమోదు కానివాడికి 30 శాతం పట్టుకుంటున్నారు. దాంతో పోలిస్తే మన రెండు శాతం చిన్నదే అనిపిస్తుంది. కోత పడేది లాభం మీద కాదు, మొత్తం బిల్లు మీద అన్నది గుర్తుంచుకుంటే ఆ రెండు శాతం బరువు తెలుస్తుంది.

నేను గుమాస్తాగా చేరేనాటికి ఈ పద్ధతి వేళ్ళూనుకుంది. ఒక బిల్లు నడిచే తీరు చెబుతాను. పని ఒక దశకు రాగానే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు టేపు పట్టించి కొలతలు తీసి కొలతల పుస్తకంలో (ఎం బుక్కు) ఎక్కించేవారు. ఆయన పై అధికారి డీఈ గారు చెక్ మెజర్‌మెంట్ చేసేవారు. దాన్నిబట్టి పార్ట్ బిల్లు తయారయ్యేది. బిల్లు అడుగున రికవరీల పట్టిక ఉండేది: డిపార్టుమెంటు ఇచ్చిన సిమెంటు, ఇనుము ఖరీదు, సెక్యూరిటీ డిపాజిట్టు, కంకర మీద సీనరేజి, ఆ కింద ఇన్‌కంటాక్స్. చెక్కు పుచ్చుకున్నాక మా యజమాని నన్ను మళ్ళీ ఆఫీసుకు పంపేవారు. "డబ్బులు తెచ్చుకోవడం కాదురా, సర్టిఫికెట్టు తెచ్చుకో" అనేవారు. పట్టుకున్న పన్నుకు డివిజన్ ఆఫీసు సంతకం, ముద్ర వేసి ఇచ్చే కాగితం అది. ఆ కాగితం అసలు ప్రతిని రిటర్నుకు జతచేస్తేనే ఆ పన్ను మనం కట్టినట్టు లెక్క. పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి నెలలు పట్టేది. అందుకే దాన్ని పొలం దస్తావేజులతో పాటు ఇనప్పెట్టెలో దాచేవారు.

శాతం కూడా రెండు దగ్గరే ఆగలేదు. దాని మీద సర్‌ఛార్జీ పడేది. 12 శాతం సర్‌ఛార్జీ ఉన్న ఏళ్ళలో 2.24 పట్టుకున్నారు. తర్వాత విద్యా సెస్సు చేరింది. పది శాతం సర్‌ఛార్జీ, మూడు శాతం సెస్సు కలిసిన ఏళ్ళలో అది 2.266 అయింది. మూడు దశాంశాల దాకా గుణించి, పైసలు సరిపోయాయా అని చలానా ముందు పెట్టుకుని కూచునే గుమాస్తాలు ప్రతి కాంట్రాక్టరు ఇంట్లోనూ ఉండేవారు.

ఇక అసలు లెక్క చూడండి. 1994లో ప్రభుత్వమే ఒక మాట ఒప్పుకుంది. 40 లక్షల లోపు పనులు చేసే సివిల్ కాంట్రాక్టరు పుస్తకాలు రాయకపోయినా, వచ్చిన మొత్తంలో 8 శాతం లాభమని చూపితే చాలని 44ఏడీ సెక్షను తెచ్చింది. అంటే చిన్న కాంట్రాక్టరుకు నూటికి ఎనిమిది మిగులుతుందని సర్కారు అంచనా. ఆ ఎనిమిదిలో రెండు ముందే పట్టుకుంటే లాభంలో నాలుగో వంతు పోయినట్టే. 1995-96లో ఒక చిన్న కాంట్రాక్టరు ఏడాదికి 5 లక్షల పని చేశాడనుకోండి. 8 శాతం లెక్కన అతని ఆదాయం 40,000. ఆ ఏడాది పన్ను లేని పరిమితి కూడా సరిగ్గా 40,000. కట్టాల్సిన పన్ను సున్నా, బిల్లుల్లో పట్టుకున్నది 10,000. అదంతా తిరిగి రావాల్సిన డబ్బే. వచ్చేదాకా అతను కూలీలకు ఇవ్వడానికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేవాడు. సర్కారు దగ్గర పదివేలు ఉంచి బజారులో పదివేలు అప్పు చేసినవాళ్ళ లెక్కలు నేను నా చేత్తో రాశాను. ముందే తక్కువ పట్టుకోమని అధికారి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకునే వీలు 197 సెక్షనులో ఉండేది. చిన్నవాళ్ళలో ఆ గుమ్మం దాకా వెళ్ళగలిగినవాళ్ళు బహు తక్కువ.

మొత్తం మీద పట్టుకోవాలా, లాభం ఉన్న భాగం మీదేనా అన్న తగవు 1993లో సుప్రీంకోర్టులో తేలింది. బీహారులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు వ్యాగన్లలోకి ఎక్కించే పని కాంట్రాక్టుకు ఇచ్చారు. వేజ్ బోర్డు ప్రకారం కూలీ రేటు పెరిగితే ఆ తేడాను కంపెనీ కాంట్రాక్టరుకు ఇచ్చేది. అది కూలీలకే పోయే డబ్బు, కాంట్రాక్టరుకు అందులో ఏమీ మిగలదు, కాబట్టి దానిమీద కోత ఉండకూడదని అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఇచ్చే మొత్తం మీద పట్టుకోవాల్సిందేనని, ఏ పనైనా అంటే ఏ పనైనా అనీ తీర్పు ఇచ్చింది. కూలీల చెమట డబ్బు మీద కూడా కాంట్రాక్టరు పేరున పన్ను నిలిపే పద్ధతి ఆ తీర్పుతో గట్టిపడింది. చట్టంలోని మాటలకు ఆ అర్థం సరైనదే కావచ్చు. కూలీ ముఠాను నడిపే మేస్త్రీకి మాత్రం అది ఇప్పటికీ మోయలేని భారమే.

ఆ తీర్పు ఊతంతో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1994 మార్చి 8న 681 నంబరు సర్క్యులరు వదిలింది. రవాణా, ప్రకటనలు, చివరికి వృత్తి నిపుణుల ఫీజులు కూడా 194సీ కిందికే వస్తాయంది. బొంబాయి హైకోర్టు నిపుణుల విషయంలో కుదరదంది. అప్పుడు మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా 1995 బడ్జెట్టులో 194జె సెక్షను పెట్టారు. డాక్టరు, వకీలు, ఇంజనీరు, ఆడిటరు అందుకునే ఫీజుల్లో కోత ఆ ఏడాది జూలై 1 నుంచి మొదలైంది. ఉద్యోగం కాకుండా కంపెనీలకు విడిగా పనిచేసి పెట్టే హైదరాబాదు సాఫ్ట్‌వేరు కుర్రవాళ్ళ బిల్లుల్లో పట్టుకుంటూ వచ్చింది కూడా దీని కిందే.

2004లో చట్టానికి ఇంకో కోర మొలిచింది. పట్టుకోవాల్సిన పన్ను పట్టుకోకపోతే ఆ ఖర్చునే ఒప్పుకోబోమని 40(ఎ)(ఐఎ) సెక్షను చెప్పింది. పది లక్షల పని చేయించుకుని పన్ను పట్టుకోవడం మరిస్తే ఆ పది లక్షలూ లాభమే అన్నట్టు పన్ను పడేది. పదేళ్ళ తర్వాత దాన్ని 30 శాతానికి తగ్గించారు. ఆ దెబ్బకు డబ్బు ఇచ్చేవాళ్ళందరూ పన్ను వసూలు చేసే గుమాస్తాలయ్యారు. 2009 అక్టోబరు 1 నుంచి సర్‌ఛార్జీలు, సెస్సులు తీసేసి లెక్క సులువు చేశారు. వ్యక్తులకు, ఉమ్మడి కుటుంబాలకు 1 శాతం, మిగతావాళ్ళకు 2 శాతం. మేస్త్రీలకు ఆ ఒక్క శాతం తగ్గడం నిజంగా మేలే. 2010 ఏప్రిల్ నుంచి పాన్ నంబరు ఇవ్వనివాళ్ళకు 20 శాతం పట్టుకోమన్నారు. పాన్ ఉన్న లారీ యజమానులకు 2009లో కోత పూర్తిగా ఎత్తేశారు. 2015లో ఆ సదుపాయాన్ని పది బళ్ళు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళకే పరిమితం చేశారు. కాగితం సర్టిఫికెట్ల కాలం పోయి, ఎవరి పాన్ మీద ఎంత పన్ను జమైందో 26ఏఎస్ అనే పట్టికలో ఎవరికి వాళ్ళు చూసుకునే రోజులు వచ్చాయి. సర్కారు బిల్లుల్లో లేబర్ సెస్సు 1 శాతం, 2018 అక్టోబరు నుంచి జీఎస్టీ కింద ఇంకో 2 శాతం కూడా చేరాయి.

కొన్నేళ్ళ కిందట ఒక సెంట్రింగ్ మేస్త్రీ నా దగ్గరకు వచ్చాడు. ఒక అపార్టుమెంటు కంపెనీలో ఏడాదంతా పనిచేశాడు. బ్యాంకులో 12 లక్షలకు బిల్లులయ్యాయి. కూలీలకు పోగా తనకు మిగిలింది 2 లక్షలు.

"అయ్యా, మనకు పన్ను పడదంట గదా, మరి పన్నెండు వేలు ఎందుకు పట్టుకున్నారు?" అన్నాడు.

"అది నీదే మేస్త్రీ. రిటర్ను వేస్తే నీ ఖాతాలో పడుతుంది" అన్నాను.

26ఏఎస్ తెరిస్తే మొదటి మూడు నెలలదే కనిపించింది. మిగతా తొమ్మిది నెలలు అతని బిల్లుల్లో పట్టుకున్న సొమ్మును ఆ కంపెనీ సర్కారుకు కట్టలేదు, వాడుకుంది. నెలనెలా అతని చేతికి ఇచ్చిన చీటీల్లో మాత్రం టీడీఎస్ (ముందే పట్టుకున్న పన్ను) అని స్పష్టంగా రాసి ఉంది. ఆ చీటీలన్నీ జాగ్రత్తగా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొచ్చాడు. వాటి నకళ్ళతో కంపెనీకి ఉత్తరం రాశాం, ఆదాయపన్ను శాఖకూ రాశాం. కంపెనీ చివరికి వడ్డీతో కట్టింది. మేస్త్రీకి డబ్బు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ పన్నెండు వేలతో కూతురి కాలేజీ ఫీజు కట్టాలని అనుకున్నాడట. అప్పు చేసి కట్టాడు.

ఇలాంటివి చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. పట్టుకున్న పన్ను మరుసటి నెల 7వ తేదీలోగా కట్టాలి. మార్చి నెలది ఏప్రిల్ 30 దాకా. ఆలస్యమైతే నెలకు 1.5 శాతం వడ్డీ. కట్టకుండా మింగితే 1961 చట్టంలో మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు ఉండేది. చట్టం ఇంత కఠినంగా ఉండడానికి కారణం ఉంది. పట్టుకున్న ఆ డబ్బు ఇచ్చేవాడిది కాదు, ఇంకా సర్కారుదీ కాలేదు. పనిచేసినవాడి కష్టార్జితం మధ్యలో ఒకరి చేతిలో ఉంది, అంతే. అందుకే 1961 చట్టం 205 సెక్షనులో ఒక మంచి రక్షణ పెట్టింది. బిల్లులో పన్ను పట్టుకున్నట్టు రుజువు ఉంటే, పట్టుకున్నవాడు కట్టకపోయినా సరే, పనిచేసినవాడిని ఆ పన్ను మళ్ళీ కట్టమని అడగకూడదు. 2015 జూన్‌లో బోర్డు కూడా ఇదే విషయాన్ని అధికారులకు గుర్తుచేసింది. ఆ సెక్షను గురించి చాలామంది మేస్త్రీలు వినను కూడా వినలేదు.

2025లో పార్లమెంటు కొత్త ఆదాయపన్ను చట్టం చేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అదే అమలు. విడివిడిగా ఉన్న కోతల సెక్షన్లను అందులో 393 కింద పట్టికలుగా కూర్చారు. 194సీ అన్న నంబరు ఇక లెక్కల పుస్తకాల్లోంచి మెల్లగా మాయమవుతుంది. సర్కారు ఖజానాకు ఈ పద్ధతి చాలా మేలు చేసింది, పన్ను ఎగ్గొట్టేవాళ్ళని దారిలో పెట్టింది, ఇందులో నాకు సందేహం లేదు. కానీ చిన్నవాడి దగ్గర ముందే పట్టుకున్న దాన్ని తిరిగి ఇవ్వడంలో, అది అతనిదేనని చెప్పడంలో మనం వెనకబడ్డాం. ఇది నా తీర్పు.

కాబట్టి కాంట్రాక్టర్లకు, బిల్డర్లకు నా విన్నపం ఇదీ: పట్టుకున్నది గడువులోగా కట్టండి, మూడు నెలలకోసారి సర్టిఫికెట్టు మేస్త్రీ చేతికే ఇవ్వండి, అతని పాన్ ఒక్క అక్షరం తప్పు పడకుండా చూసుకోండి. మేస్త్రీలకు, లారీ యజమానులకు, సొంతంగా పనిచేసుకునే ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇంకొకటి: బిల్లు చీటీలు పారేయకండి, ఏడాదికి ఒకసారైనా మీ పాన్ మీద ఎంత జమైందో చూసుకోండి, పన్ను పడకపోయినా రిటర్ను వేయండి. మీ బిల్లులో కోసింది మీ డబ్బే. అడిగి తీసుకోండి.